పరుగెత్తేవాళ్ల బరువు లెక్క

పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూనో విశాఖ బీచ్ రోడ్డు మీదనో పరుగెత్తి ఇంటికి రాగానే, బూట్లు విప్పీ విప్పకముందే వెయిట్ మిషన్ ఎక్కే అలవాటు చాలామంది రన్నర్లకు ఉంటుంది. మా మనవడిదీ అదే వరస. "తాతయ్యా, కిలో పైనే తగ్గాను!" అని సంబరపడతాడు. రాత్రి భోజనం అయ్యేసరికి ఆ కిలో తిరిగి వచ్చేస్తుంది. మొహం చిన్నబోతుంది. వాణ్ణి కూర్చోబెట్టి చెప్పిన లెక్కలే ఇవాళ మీకూ చెప్తాను. కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

మొదటి లెక్క ఇది. చదునైన దారి మీద పరుగెత్తేటప్పుడు మన ఒంట్లోని ఒక్కో కిలో బరువును ఒక్కో కిలోమీటరు తీసుకెళ్లడానికి సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. నిదానంగా పోయినా జోరుగా పోయినా దూరానికి అయ్యే ఖర్చులో పెద్ద తేడా రాదు. జోరుగా పోతే ఆ ఖర్చు త్వరగా అయిపోతుంది, అంతే. ఈ లెక్కన 70 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెత్తితే 700 క్యాలరీలు. అందులో సగం కొవ్వు నుంచి, సగం పిండిపదార్థం నుంచి వచ్చిందనుకుందాం. కొవ్వు వాటా 350 క్యాలరీలు. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు కాబట్టి కరిగిన కొవ్వు 40 గ్రాములకు అటూ ఇటూ. వంటింట్లో మూడు పెద్ద చెంచాల నూనె తూగేంత.

మరి మిషన్ చూపించిన కిలో మాటేమిటి? అందులో దాదాపు అంతా చెమటే. మన ఉక్కపోత రోజుల్లో గంటకు లీటరు చెమట పట్టడం మామూలు విషయం. నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగి రావాలి కూడా. అలాగని పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోవడం దండగమారి పనేమీ కాదు. తగ్గిన కిలోకు సుమారు లీటరు నీరు పోయిందని తెలుస్తుంది కాబట్టి, ఆ రోజు ఎంత నీళ్లు, ఎంత మజ్జిగ తాగాలో అంచనా దొరుకుతుంది. దాన్ని నీటి లెక్కగా చూడండి. కొవ్వు లెక్క వేరు.

"కరిగిన కొవ్వు చెమట రూపంలోనే కదా పోయేది?" అని అడుగుతారు కొందరు. కాదు. కొవ్వు అణువులో ఉండేవి కార్బన్, హైడ్రోజన్, కాస్త ఆక్సిజన్. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో ఈ లెక్క పూర్తిగా కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా ఊపిరితిత్తుల నుంచి బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. అంటే కొవ్వు ముఖ్యంగా మన ముక్కులోంచి, నోట్లోంచి పోతుంది. కాబట్టి పొట్టకు ప్లాస్టిక్ కవరు చుట్టుకునీ, మండుటెండలో దళసరి జాకెట్టు తొడుక్కునీ పరుగెత్తకండి. దానివల్ల కొవ్వు ఒక్క గ్రాము కూడా అదనంగా కరగదు. వడదెబ్బ తగిలే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

ఇంతకీ రన్నర్‌కు బరువు తగ్గితే లాభమేనా? లాభమే. కిలోకు, కిలోమీటరుకు ఒక క్యాలరీ అన్నాం కదా. ఐదు కిలోల అనవసరపు కొవ్వును 42.195 కిలోమీటర్ల మారథాన్ పొడుగునా మోస్తే 200 క్యాలరీల పైన అదనపు ఖర్చు. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడైతే ఆ బరువు ఇంకా బాగా తెలుస్తుంది. 1980లో క్యూరెటన్, స్పార్లింగ్ అనే అమెరికా పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. స్త్రీల శరీరంలో పురుషుల కన్నా కొవ్వు శాతం సహజంగానే ఎక్కువ. ఆ తేడాకు సరిపడా బరువును మగ రన్నర్ల ఒంటికి కట్టి పరుగెత్తించారు. మగవాళ్లు పన్నెండు నిమిషాల్లో వెళ్లగలిగిన దూరం తగ్గింది. అంతవరకు బరువు పాత్ర రుజువైంది. కానీ స్త్రీ పురుషుల మధ్య తేడా పూర్తిగా చెరిగిపోలేదు. అంటే బరువు కాకుండా ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో ఏమిటంటే, లోపలి ఇంజను. గుండె నిమిషానికి ఎంత రక్తం తోడగలదు, ఆ రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ప్రాణవాయువు మోయగలదు, కండరాలు దాన్ని ఎంత వాడుకోగలవు అన్నవి కలిస్తే వచ్చే కొలతను వీఓటూ మ్యాక్స్ అంటారు. మీ చేతి స్మార్ట్ వాచీ చూపించే అంకె దానికి అంచనాయే. దాన్ని నిమిషానికి, కిలో బరువుకు ఇన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ అని చెప్తారు. భాగహారంలో కింద ఉండేది మీ బరువు. ఇక్కడే ఉంది అసలు కిటుకు.

70 కిలోల మనిషి ఒకరు నిమిషానికి మూడున్నర లీటర్ల ఆక్సిజన్ వాడుకోగలరనుకుందాం. 3500ను 70తో భాగిస్తే 50. ఆయన ఐదు కిలోల కొవ్వును మెల్లగా, సాధన మానకుండా తగ్గించుకున్నారు. 3500ను 65తో భాగిస్తే దాదాపు 54. ఇంజను మారకుండానే నాలుగు పాయింట్లు పెరిగాయి. ఇంకొకాయన అదే ఐదు కిలోలను పస్తులుండి, గబగబా తగ్గించుకున్నారు. కొవ్వుతోపాటు కండా పోయింది, ఒంట్లో నీరసం, సాధన చెడింది. ఆయన వాడుకోగలిగే ఆక్సిజన్ 3.2 లీటర్లకు పడిపోయిందనుకోండి. 3200ను 65తో భాగిస్తే 49. ఐదు కిలోలు తగ్గాక కూడా మునుపటికంటే వెనకబడ్డారు! వెయిట్ మిషన్ మాత్రం ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది. రన్నర్లు బాగా మనసులో పెట్టుకోవాల్సిన లెక్క ఇదే.

టీవీలో మారథాన్ వీరుల్ని చూసి కుర్రకారు పొరబడేది ఇక్కడే. 2022లో బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ముగించిన కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే బరువు యాభై కిలోల పైచిలుకే. ఆయన సన్నగా ఉన్నారు కాబట్టి అంత వేగం వచ్చిందనుకుంటారు. పుట్టుకతో వచ్చిన ఒడ్డూ పొడుగూ, ఏళ్ల తరబడి వారం వారం చేసిన పరుగూ, దానికి తగిన తిండీ కలిసి ఆ శరీరాన్ని తయారుచేశాయి. మన ఎముకల అమరిక వేరు, మన రోజు వేరు. ఆయన బరువును మనం లక్ష్యంగా పెట్టుకోకూడదు.

ఇప్పుడు బరువు దేంతో తయారైందో చూద్దాం. బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. ఆ సూత్రం దాదాపు రెండు వందల ఏళ్ల కిందట బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లే కనిపెట్టినది. ఆయన చూసింది జనాభా మొత్తం ఎలా ఉందని, ఫలానా మనిషి ఒంట్లో కొవ్వెంత అని కాదు. 1972లో యాన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాక అది ఆస్పత్రి చీటీల దాకా వచ్చింది.

ఎత్తూ బరువూ పట్టికలు ఎంత తప్పుదారి పట్టిస్తాయో 1942లోనే ఆల్బర్ట్ బెంకీ అనే అమెరికా నౌకాదళ వైద్యుడు చూపించారు. 25 మంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను తీసుకున్నారు. అప్పటి పట్టికల ప్రకారం వాళ్లలో 17 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లు, సైన్యంలో చేరడానికి తగరు. బెంకీ వాళ్లను నీళ్లలో తూచారు. ఆ పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. త్రాసుకు వేలాడే కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, ఊపిరితిత్తుల్లోని గాలి వీలైనంత బయటికి వదలమంటారు. తర్వాత తలతో సహా తొట్టెలో ముంచి, కదలకుండా ఉండమని ముల్లు చూస్తారు. కొవ్వు సాంద్రత సుమారు 0.9, నీటికన్నా తేలిక, తేలుతుంది. కండ, ఎముక, నీరు కలిసిన మిగతా శరీరం సాంద్రత సుమారు 1.1, మునుగుతుంది. కాబట్టి గాలిలో బరువుకూ నీళ్లలో బరువుకూ ఉన్న తేడానుబట్టి కొవ్వు శాతం కట్టవచ్చు. ఆర్కిమెడిస్ సూత్రమే! ఆ ఆటగాళ్లలో ఎక్కువమంది ఒంట్లో కొవ్వు చాలా తక్కువని తేలింది. వాళ్ల అదనపు బరువంతా కండే.

ఇది ఒకవైపు. మనవాళ్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. పక్కపక్కన నిలబడిన ఇద్దరు శాస్త్రవేత్తలు. ఒకరు పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యూడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఏ పట్టికలో చూసినా ఇద్దరూ నికార్సయిన ఆరోగ్యవంతులు. ఎక్స్‌రే స్కాన్‌తో కొవ్వు కొలిస్తే యూడ్‌కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. యూడ్‌కిన్ మారథాన్లు పరుగెత్తేవారు. యాజ్ఞిక్ చేసే వ్యాయామం ఆస్పత్రిలో లిఫ్టు తలుపులు మూసుకునేలోపు పరుగున వెళ్లి అందుకోవడమేనని ఆ వ్యాసంలోనే సరదాగా రాశారు.

తేడాకు కారణం పరుగొక్కటే కాదు. పుణె పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులో పుట్టిన పిల్లలతో పోల్చి యాజ్ఞిక్ బృందం ఒక విషయం కనిపెట్టింది. మన పిల్లలు బరువులో బాగా తక్కువ. ఆ లోటు ఎక్కువగా కండలో, లోపలి అవయవాల్లో ఉంది. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పైకి సన్నం, లోపల కొవ్వు అన్నమాట. అందుకే మన దేశపు వైద్యులు బీఎంఐ 23 దాటగానే అధిక బరువనీ, 25 దాటితే స్థూలకాయమనీ హద్దులు కిందికి దించారు. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. పొట్ట చుట్టూ, పేగుల మధ్య చేరే కొవ్వే మధుమేహానికీ గుండెజబ్బుకూ దారితీస్తుంది కాబట్టి నాకు నచ్చిన పరికరం దర్జీ టేపే. ఖరీదు తక్కువ, అబద్ధం చెప్పదు.

ఇళ్లలో కొనుక్కుంటున్న కొవ్వు శాతం చూపించే మిషన్ల మాట కూడా చెప్పాలి. అవి ఒక అరికాలి నుంచి ఇంకో అరికాలికి చిన్న విద్యుత్తును పంపుతాయి. నీరున్న కండ దాన్ని సులువుగా పోనిస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. అడ్డు ఎంతో చూసి మిషన్ కొవ్వు శాతాన్ని ఊహిస్తుంది. చెమటోడ్చి వచ్చి ఎక్కితే ఒక అంకె, చెంబెడు నీళ్లు తాగి ఎక్కితే ఇంకో అంకె. పైగా ఆ విద్యుత్తు కాళ్లగుండా పోతుందే తప్ప పొట్టను సరిగా చూడదు. వాడదలిస్తే రోజూ నిద్ర లేచి, కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తాగకముందు ఎక్కండి. ఒక్కరోజు అంకెను పట్టించుకోకుండా నెల పొడుగునా అది ఎటు పోతోందో చూడండి.

ఇక కొవ్వు శత్రువా అంటే, ముమ్మాటికీ కాదు. శరీరం శక్తిని రెండు రూపాల్లో దాచుకుంటుంది. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థంగా దాచేది వంటింటి డబ్బాలో బియ్యం లాంటిది, ఇట్టే తీసి వాడుకోవచ్చు. కొవ్వుగా దాచేది గాదెలో వడ్లలాంటిది, నిల్వ బోలెడు గాని దంచి వాడేసరికి ఆలస్యం. గ్లైకోజన్ నిల్వ మొత్తం 400, 500 గ్రాములు, అంటే 2,000 క్యాలరీల లోపు. 65 కిలోల సన్నటి మనిషికీ పది కిలోల కొవ్వు ఉంటుంది. ఒంటికొవ్వులో కాస్త నీరూ కలిసి ఉంటుంది కాబట్టి కిలోకు 7,700 చొప్పున వేసుకున్నా అది 77,000 క్యాలరీలు! మారథాన్‌కు కావల్సినవి 2,700 చిల్లర. 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్లు సీసంలా బరువెక్కి అడుగు పడదు. దాన్నే రన్నర్లు వాల్ అంటారు. అక్కడ అయిపోయింది గ్లైకోజన్. నెలల తరబడి నిదానంగా చేసిన లాంగ్ రన్‌లు కండరాలకు కొవ్వును వేగంగా వాడుకోవడం నేర్పుతాయి, డబ్బాలో బియ్యం ఎక్కువసేపు వస్తాయి.

ప్రతి గ్రాము గ్లైకోజన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరూ నిల్వ ఉంటుంది. రేసుకు ముందు రెండు మూడు రోజులు అన్నం, ఇడ్లీ, చిలగడదుంప కాస్త ఎక్కువ తింటే బరువు కిలో, కిలోన్నర పెరగడానికి కారణం అదే. దాన్ని చూసి బెంబేలెత్తి, రేసు ముందు రాత్రి భోజనం మానేసేవాళ్లు ఉన్నారు. ఆ పెరిగింది కొవ్వు కాదు, మర్నాడు మీరు పరుగెత్తడానికి దాచుకున్న సరుకు. నిశ్చింతగా తినండి. కొత్తగా అన్నం మానేసి మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గామనేవాళ్ల లెక్క కూడా ఇదే, తిరగేసి చూస్తే.

కొవ్వు తగ్గించడానికీ ఒక హద్దుంది. మెదడులో, నరాల్లో, ఎముక మజ్జలో, అవయవాల చుట్టూ ఉండే కొవ్వు లేకపోతే బతుకే లేదు. అది మగవాళ్లలో సుమారు 3 శాతం, ఆడవాళ్లలో సుమారు 12 శాతం. ఇది బతకడానికి కావల్సిన కనీసం, చేరుకోవాల్సిన గమ్యం కాదు. కొవ్వు కణాలు ఊరికే కూర్చుని ఉండవు కూడా. అవి లెప్టిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదిలి, నిల్వలు సరిపడా ఉన్నాయని మెదడుకు కబురు పంపుతాయి. జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో దాని జన్యువును పట్టుకుంది. ఆ కబురు తగ్గితే మెదడు కరువు వచ్చిందనుకుని, అప్పటికప్పుడు అవసరం లేని పనుల్ని ఆపేస్తుంది. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతుంది, ఈస్ట్రోజెన్ పడిపోయి ఎముకలు గుల్లబారతాయి, కాలి ఎముకల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు, పరుగుకు తగ్గ తిండి చాలక వచ్చే ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు.

దీనికీ ఒక లెక్క ఉంది. 50 కిలోల అమ్మాయి, కొవ్వు 24 శాతం. కొవ్వు తీసేస్తే మిగిలింది 38 కిలోలు. ఆ ఒక్కో కిలోకు రోజుకు పరుగు ఖర్చు పోను 30 క్యాలరీలన్నా మిగలకపోతే శరీరం పొదుపులో పడుతుంది, 45 మిగిలితే హాయిగా ఉంటుంది. 38ని 45తో గుణిస్తే 1,710. ఆ రోజు 10 కిలోమీటర్ల పరుగుకు ఇంకో 500. అంటే 2,200 క్యాలరీలు తినాలి. ఆ అమ్మాయి ఏదో డైట్ చార్టు పట్టుకుని 1,500తో సరిపెడితే 30 కూడా మిగలదు. అమ్మలూ, నెలసరి ఆగితే బాగా సాధన చేస్తున్నామని అనుకోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎప్పటికప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువైతే ఎంత బరువు తగ్గినా వేగం రాదు.

మరి ఏం చేయాలి? కొవ్వు నిజంగా ఎక్కువుంటే మెల్లగా తగ్గించండి. ఒక కిలో ఒంటికొవ్వు అంటే 7,700 క్యాలరీలు. రోజుకు 300 తగ్గిస్తే కిలో తగ్గడానికి దాదాపు 26 రోజులు. నూనె, పంచదార, సాయంత్రం బజ్జీల దగ్గర ఆ 300 సులువుగా దొరుకుతాయి, పరుగయ్యాక తినే టిఫిన్ దగ్గర మాత్రం కోత పెట్టకండి. రేసు ఇంకో నెల ఉందనగా బరువు తగ్గించే పని ఆపేయండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం తిండిలోంచి మనకు వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన కంచంలో అన్నం కొండలా, పప్పు చారెడు ఉంటోంది. దూరం పరుగెత్తేవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు గట్టిగా వండుకోండి, పెరుగు, గుడ్లు, సెనగలు, చేపలు పెంచండి. వారానికి రెండుసార్లు గుంజీలు, మెట్లెక్కడం, బరువులెత్తడం చేస్తే కండ నిలుస్తుంది, పోయేది కొవ్వే అవుతుంది.

బొద్దుగా ఉన్నామని సిగ్గుపడి పరుగుకు రానివాళ్లకు కూడా ఒక మాట. అమెరికాలో డల్లాస్‌లోని కూపర్ సంస్థలో స్టీవెన్ బ్లెయిర్ బృందం వేలాది మందిని ఏళ్ల తరబడి గమనించింది. లావుగా ఉన్నా దమ్మున్నవాళ్లలో మరణాలు, సన్నగా ఉండి దమ్ములేనివాళ్లలో కన్నా తక్కువని తేల్చింది. బరువు తగ్గాక మొదలుపెడదామని ఆగకండి, ఇవాళే నడకతో మొదలుపెట్టండి. గుండెజబ్బు, మధుమేహం ఉంటే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

మీ ప్రగతిని మూడు విధాలుగా కొలుచుకోండి. నెలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టండి. అదే దారిలో, అదే గుండెవేగంతో ఐదు కిలోమీటర్లకు ఎంతసేపు పడుతోందో రాసుకోండి. రాత్రి నిద్ర, పొద్దున హుషారు ఎలా ఉన్నాయో గమనించండి. నడుము తగ్గుతూ, టైమింగ్ మెరుగవుతూ, ఆకలీ నిద్రా బాగుంటే వెయిట్ మిషన్ ఏ అంకె చూపించినా మీరు సరైన దారిలోనే ఉన్నారు. అంకె తగ్గుతూ ఈ మూడూ చెడుతుంటే, ఆ బరువు తగ్గడం మీకు నష్టమే. కడుపునిండా తినండి, ఓపిగ్గా పరుగెత్తండి.